పదకొండు వరుసలు

8 ఫిబ్రవరి 1988, సోమవారం

మా హన్నమ్మ ఇంటికొచ్చింది! కళ్ళు పచ్చగా ఉన్నాయి, మనిషి సగమైంది, అయినా వచ్చింది. కామెర్లట. హైదరాబాదు డాక్టరు రెండు నెలలు మంచం దిగవద్దన్నాడట. బస్సు దిగిన పిల్లని చూసి నేను నవ్వు ఆపుకోలేకపోతే, బిడ్డకు జబ్బు చేస్తే ఇకిలించే తండ్రిని నిన్నొక్కడినే చూశానని మా ఆవిడ మణెమ్మ కేకలేసింది. నా సంతోషం జబ్బుకు కాదు, రెండు నెలలకు. ఇది పైకి చెప్పుకునే మాట కాదు గనుక సిమెంటు కొట్టువాళ్ళు ఇచ్చిన ఈ డైరీ దులిపి రాసుకుంటున్నాను.

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకు పుట్టిన పిల్ల. మా అమ్మ పేరు పెట్టుకున్నాను. మిషన్ బడిలో ఎనిమిదితో ఆగిపోయిన స్లాబు మేస్త్రీ జ్ఞానయ్య కూతురు కంప్యూటర్ల మీద పరిశోధన చేస్తున్నది! ఆ చదువు పేరు మూడుసార్లు చెప్పించుకుని రాసుకున్నాను. వెరీ లాంగ్ ఇన్‌స్ట్రక్షన్ వర్డ్. రాసుకున్నంత మాత్రాన అర్థం కాలేదు. అడిగితే “రేపు చెప్తా నాన్నా” అంటుంది. పెట్టెలో బట్టలకంటే కాగితాలే ఎక్కువున్నాయి.

11 ఫిబ్రవరి

మజ్జిగన్నం, చెరుకురసం. గురజాలలో కారం లేకుండా అన్నం తినే మనిషి మా ఇంట్లో తప్ప ఎక్కడా ఉండదు. బంగారుతల్లి, మారు మాట లేకుండా తింటున్నది.

14 ఫిబ్రవరి, ఆదివారం

ఈ రోజు నాకు అర్థమైంది! చర్చి నుంచి వచ్చేసరికి నాగూర్ వలి పంచలో కూర్చుని పిల్లను పలకరిస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు నా స్లాబులన్నిటికీ అతనే సెంట్రింగు కొట్టాడు. ఇద్దరం పని మానేసినా మాటలు మానలేదు.

“ఏందమ్మా నువ్వు చదివేది? మీ నాన్న ఊరంతా టముకేస్తన్నాడు గానీ అదేందో ఆయనకే తెలవదు” అన్నాడు.

హన్నమ్మ దిండుకు ఆనుకుని చెప్పింది. మామూలు కంప్యూటరు ఒక పని తరవాత ఒక పని చేస్తుంది. ఈమె చదివే యంత్రానికి ఏడుగురు పనివాళ్ళు ఉంటారు. ఇద్దరు సరుకు తెచ్చేవాళ్ళు, ఒకడు గుణించేవాడు, మిగతావాళ్ళు కూడేవాళ్ళూ, దారి చూపేవాడూ. ఒక పొడుగాటి వరుసలో ఏడు గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కొక్కడి పని. గంట కొట్టినట్టుగా ఏడుగురూ ఒకేసారి ఆ వరుస చేసేసి తరవాతి వరుసకు పోతారు. పక్కవాడేం చేస్తున్నాడో ఎవడూ చూడడు.

“మరి మేస్త్రీ ఏం చేస్తాడు?” అన్నాను.

“మేస్త్రీ అక్కడ ఉండడు నాన్నా. ఎవరు ఎప్పుడు ఏం చెయ్యాలో ముందే కాగితం మీద రాసిచ్చి వెళ్ళిపోతాడు. ఆ మేస్త్రీనే కంపైలర్ అంటారు. నేను నేర్చుకునేది ఆ రాయడమే.”

“వెళ్ళిపోయే మేస్త్రీనా! మీ నాన్న స్లాబు పోస్తంటే ఒంటేలుక్కూడా పోడమ్మా” అని వలి పడీపడీ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు పులకరించింది. స్లాబు రోజు గురించి చెప్పాను. ఒక తట్ట నిచ్చెన మీద ఉంటే రెండో తట్ట నిండుతుండాలి, మూడో తట్టకు మాలు కలుస్తుండాలి. తొలి తట్టలప్పుడు పైవాళ్ళకు పనుండదు, ఆఖరి తట్టలప్పుడు కిందవాళ్ళకు. నడుమంతా ఒక్క చెయ్యి ఖాళీగా ఉండటానికి వీల్లేదు. పిల్ల దిండు మీదనుంచి లేచి కూర్చుంది.

“అచ్చం అదే నాన్నా! తిరిగి తిరిగి చేసే లెక్కల్ని మేం అట్టాగే పేరుస్తాం. ఒక చుట్టు అయ్యేదాకా ఆగకుండా రెండో చుట్టు మొదలుపెడతాం.”

అచ్చం అదే. అచ్చం అదే అన్నది! నలభై ఏళ్ళు నేను చేసింది ఏదో పెద్ద చదువని నాకు ఎవరూ చెప్పలేదు.

15 ఫిబ్రవరి

నిన్న సంతోషంలో అసలు సంగతి వదిలేశాను. తిరిగే లెక్క నడుమ “ఇట్టా అయితే ఇది, కాకపోతే అది” అనే ప్రశ్న వస్తే పేర్చడం కష్టమట. దానికి మా అమ్మాయి కొత్త పద్ధతి కట్టింది. నాలుగు ఉదాహరణలు చేత్తో పేర్చి పంపాలి. అలాంటి యంత్రం మనవాళ్ళ దగ్గర లేదు. యూనివర్సిటీ కంప్యూటరే అలాంటిదానిలా నటించి, జవాబు తప్పో ఒప్పో చెబుతుంది. నాలుగూ సరిపోతే వాళ్ళ గైడు జానకిరామయ్య గారు మార్చి 25న కమిటీ ముందు పెడతారు. తప్పితే ఈ పద్ధతి వదిలేసి పాత పద్ధతిలో వేరే పని మొదలుపెట్టాలి. మూడేళ్ళు నీళ్ళలో పోసినట్టే.

19 ఫిబ్రవరి

నాకు ఉద్యోగం వచ్చింది! కళ్ళకు శ్రమ ఇవ్వవద్దన్నాడు డాక్టరు. చిత్తు ఆమెది, సాపు నాది. ప్లాన్లు చదివీ చదివీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు నాకు కొట్టిన పిండి. స్కేలు పెట్టి గళ్ళు గీసి, గడికొక మాట దించుతున్నాను. మొదటి కాగితానికి రెండు పూటలు పట్టింది. పిల్ల వేలు పెట్టి గడి గడీ చూసింది. ఒక్క తప్పు లేదు.

21 ఫిబ్రవరి

మూడో కాగితం కూడా అయింది. “నువ్వు రాస్తే ఇక నేను చూడక్కర్లేదు నాన్నా” అన్నది. మణెమ్మను పిలిచి ఆ మాట మళ్ళీ చెప్పించాను. “ఏందయ్యో, నీకేమన్నా పతకమిచ్చారా” అన్నది మణెమ్మ. ఇచ్చారు మరి.

23 ఫిబ్రవరి

నాలుగోది మొండికేసింది. అసలు పరీక్ష అదేనట. పదకొండు వరుసలకు తక్కువ రావడం లేదు. నాలుగు రోజులుగా కాగితాలు నలిపి పారేస్తున్నది. తొమ్మిదికి వస్తే జానకిరామయ్య గారు కుర్చీలోంచి లేస్తారట. “ఒక్క వరుస తగ్గినా గొప్పే నాన్నా, ఆ పదకొండు వరుసలూ లక్షసార్లు తిరుగుతాయి” అన్నది. చివరకు విసిగి, “పదకొండైనా జవాబు సరిగ్గా వస్తే చాలు, సాపు రాసెయ్” అని గోడవైపు తిరిగి పడుకుంది. నలిపి పారేసిన కాగితాలన్నీ ఏరి, స్కేలు పట్టుకుని కూర్చున్నాను.

24 ఫిబ్రవరి, బుధవారం

రిజిస్టరు పోస్టులో పంపాను.

నాలుగో కాగితం రాస్తుంటే ఖాళీ గళ్ళు కంట్లో నలుసుల్లా గుచ్చుకున్నాయి. కింద వరుసల్లో పని ఉంది, పైన పనివాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా స్లాబు మీద అట్లా నిలబడనిస్తానా! మూడు పనులు తీసి పై ఖాళీల్లోకి సర్దాను. కింద రెండు వరుసలు వాటంతటవే ఎగిరిపోయాయి. తొమ్మిది! అమ్మాయి నాలుగు రోజులు తల బద్దలు కొట్టుకున్నది నాకు అరగంట పట్టింది. ఆమె పడుకుని ఉంది, లేపలేదు. ఆ పెద్దాయన కుర్చీలోంచి లేచి ఉత్తరం రాస్తాడు గదా, అప్పుడు చెబుతాను. సంతోషం ఒక్కసారిగా రావాలి.

25 ఫిబ్రవరి

తొమ్మిది, తొమ్మిది. పళ్ళు తోముకుంటూ కూడా అదే.

4 మార్చి, శుక్రవారం

ఉత్తరం వచ్చింది. మూడు ఉదాహరణలు సరిపోయాయి. నాలుగోది జవాబు తప్పు వచ్చింది.

హైదరాబాదులో మన కాగితాన్ని కంప్యూటర్లోకి కొట్టేవాళ్ళు ఏం చూసి కొడతారో దేవుడికి తెలియాలి. జీతాలు తీసుకుంటారు, ధ్యాస ఉండదు. నేను ఒక్క అక్షరం పొల్లు పోకుండా నీటుగా రాశాను.

5 మార్చి

చిత్తు కాగితం ముందేసుకుని చేత్తో లెక్క వేస్తున్నది. చేత్తో వేస్తే సరిపోతున్నదట. కళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి. కొట్టేవాళ్ళదే తప్పు, ఒకసారి సరిచూడమని రాయమ్మా అని నేనే సలహా ఇచ్చాను. రాసింది.

7 మార్చి

నీటుగానే రాశాను.

9 మార్చి, బుధవారం

చెరుకురసం ఇస్తూ మామూలుగా అడిగినట్టే అడిగాను. “మరి ఆ ఖాళీ గళ్ళెందుకమ్మా? కింద పని ఉండగా పైనవాడు ఊరికే ఉంటే నష్టం గదా?”

“ఊరికే ఉండడు నాన్నా, ఆగుతాడు. గుణించేవాడికి మూడు వరుసలు పడుతుంది. ఈ వరుసలో మొదలుపెడితే జవాబు మూడు వరుసలు దాటాక గానీ చేతికి రాదు. అప్పటిదాకా కూడేవాడు ఆగాలి.”

“ఆగకపోతే? యంత్రం ఆపదా? ఇంకా కాలేదురా అని చెప్పదా?”

“చెప్పదు. ఈ యంత్రం గొప్పా అదే, దాంతో చావూ అదే. ఏమీ అడగదు, ఆగదు. రాసింది చేసుకుపోతుంది. కొత్త జవాబు రాకపోతే ఆ చోట అంతకుముందున్న పాత అంకె తీసుకుని కూడేస్తుంది. చూట్టానికి అన్నీ బాగానే ఉంటాయి, లెక్క తప్పుతుంది.”

గ్లాసు తీసుకుని లోపలికి వచ్చాను. “రసం తాగలేదు, ఖాళీ గ్లాసనుకున్నావా” అని మణెమ్మ అరిచింది.

10 మార్చి

రాయడానికేమీ లేదు.

12 మార్చి, శనివారం

రాయడానికి ఉంది. నాగూర్ వలి అరుగు మీద కూర్చుని ఎవరికో జరిగినట్టు చెప్పాను. ఒక మేస్త్రీ ఇంకో మేస్త్రీ పనిలో నిలబడ్డ కూలీని చూసి, ఖాళీగా ఉన్నాడు గదా అని పైకి తోలాడు అన్నాను.

“ఆడు ఊరికే నిలబడ్డాడా, తట్ట కోసం నిలబడ్డాడా కనుక్కోవద్దూ? ఆ తోలినోడు మేస్త్రీ ఎట్టయ్యాడు బావా?”

“మంచికే తోలాడు.”

“మంచికే తోల్తారు అందరూ. అయితే ఎవురా గాడిద?”

తెలియదన్నాను. వలి నా మొహం వంక చూసి బీడీ వెలిగించుకున్నాడు.

చెబితే ఏమవుతుంది? కోప్పడుతుంది, పడనీ. నాకు భయం కోపం కాదు. “నువ్వు రాస్తే నేను చూడక్కర్లేదు” అన్నది గదా. ఆ మాట వెనక్కు తీసుకుంటుంది. అయినా సోమవారం చెబుతాను. ఈలోగా జానకిరామయ్య గారే కనిపెట్టి సర్దవచ్చు. అంత చదువుకున్నవాడికి ఆ మాత్రం తెలియదా?

14 మార్చి, సోమవారం

పిల్లకు జ్వరం. ఈ పూట చెప్పడం న్యాయం కాదు.

16 మార్చి

ఆయన కనిపెట్టలేదు. రెండో ఉత్తరం. మీరు పంపిన కాగితంతో అక్షరం అక్షరం సరిచూశాం, కొట్టడంలో తప్పు లేదు, కాబట్టి పద్ధతిలోనే ఎక్కడో లోపం ఉంది, మూడు సులువైనవి సరిపోయి కష్టమైనది తప్పిందంటే అర్థం అదే, 25వ తేదీకి పాత పద్ధతినే రాయండి, మీ అంగీకారం వెంటనే తెలపండి అని రాశాడు. మర్యాదగానే రాశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

హన్నమ్మ చదివి మడిచి దిండు కింద పెట్టుకుంది. ఏడవలేదు. “నాకే యంత్రం అర్థం కాలేదేమో నాన్నా. చేత్తో సరిపోయింది యంత్రంలో తప్పుతుందంటే నేను మూడేళ్ళుగా చదివింది ఇంకేదో అయ్యుంటుంది” అన్నది.

నోరు తెరిచాను. దగ్గొచ్చింది. నిజంగానే వచ్చింది.

18 మార్చి, శుక్రవారం

పదింటికి కవరు నా చేతిలో పెట్టింది. “పోస్టులో వేసిరా నాన్నా.”

“ఏంది ఇందులో?”

“సరే అని రాశా. వదిలేస్తున్నా.”

పోస్టాఫీసు మా ఇంటికి ఎంత దూరం? మిరపకాయల బండ్లు అడ్డం లేకపోతే ఐదు నిమిషాలు. డబ్బా ముందు నిలబడ్డాను. మార్చి నెల ఎండ. కవరు సగం దాకా లోపలికి పెట్టి పట్టుకున్నాను. వెనక ఎవరో “వెయ్యి పెద్దాయనా, నీ వెనకాల మేమున్నాం” అన్నారు. బయటికి లాక్కుని ఇంటికి నడిచాను. చెమటకు కవరు మీద చిరునామా కారిపోయింది.

పిల్ల మంచం మీద కూర్చుని జడ విప్పుకుంటున్నది. మణెమ్మ దువ్వెన పట్టుకుని ఉంది.

“నాలుగో కాగితంలో నేను మూడు పనులు పైకి జరిపాను. తొమ్మిది వరుసలు చేశాను” అన్నాను. ఇంతకంటే మెల్లగా చెప్పే దారి తోవలో ఏదీ తోచలేదు.

ఆమె నా వంక చూసింది. అర్థం కానట్టు కాదు, అర్థమైన తరవాత ఇంకా చూస్తున్నట్టు.

“ఏవి?”

చెప్పాను. ఏ గడిలోది ఏ గడిలోకి జరిపానో మూడూ తడుముకోకుండా చెప్పాను. ఇన్ని రోజులూ వాటిని తప్ప వేరేదేమీ చూడలేదు గదా. ఆమె కాగితం తీసుకుని తొమ్మిది వరుసలు గీసింది, పెన్సిలు ములుకు రెండుసార్లు విరిగింది.

“ఇది ఫర్లేదు. ఇదీ ఫర్లేదు.” మూడోదాని మీద పెన్సిలు ఆగింది. “ఇదిగో. ఇది గుణకారం అవకముందే అందుకున్నది.” పెన్సిలు కింద పెట్టి, “రెండు వారాలు నాన్నా” అన్నది.

“నీకు సంతోషంగా ఉంటుందని...”

“రెండు వారాలు నాకు బుర్ర లేదనుకున్నా.”

అప్పుడు మణెమ్మ అందుకుంది. “ఇల్లు కట్టించుకునే ఇంటావిడ వచ్చి ఒక్క ఇటుక కదిపితే తాపీ విసిరేసి మూడు రోజులు పనికి పోనోడివి! నీ ఇటుక ఇటుకా, నా బిడ్డది ఇటుక కాదా?”

హన్నమ్మ ఇటు తిరగలేదు. “నాన్నని బయట కూర్చోమను అమ్మా” అన్నది. నాతో కాదు, వాళ్ళమ్మతో.

19 మార్చి, శనివారం

పోస్టాఫీసులో ట్రంకు కాల్ బుక్ చేసి గంటన్నర ఎదురుచూశాం. హన్నమ్మ శాలువా కప్పుకుని బల్ల మీద, నేను నిలబడి. తనే మాట్లాడతానన్నది. వద్దమ్మా, నువ్వు చెబితే తప్పు కప్పిపుచ్చుకోవడానికి ముసలి తండ్రి మీద పెడుతున్నావనుకుంటాడు, తప్పు చేసిన నోరే చెప్పాలి అన్నాను. నిన్నటి తరవాత మొదటిసారి నా మాట విన్నది.

“అయ్యా, నేను హన్నమ్మ తండ్రిని. స్లాబు మేస్త్రీని. నాలుగో కాగితం సాపు రాసింది నేను. మూడు గళ్ళు నేను మార్చాను. అమ్మాయికి తెలవదు. ఆ పిల్ల పద్ధతిలో తప్పేం లేదు.”

అవతల ఏమీ వినపడలేదు. లైను పోయిందేమోనని గట్టిగా అరిచి మళ్ళీ మొత్తం చెప్పాను. పోస్టాఫీసులో ఉన్నవాళ్ళందరూ విన్నారు. విననీ.

“వినపడుతోందండీ. ఎందుకు మార్చారు?”

“ఖాళీగా ఉన్నాయని.”

“ఖాళీగా ఉన్నాయని!” అన్నాడు ఆయన. “ఆ అమ్మాయి మూడేళ్ళ పని నేను మూసెయ్యబోయాను, తెలుసా? ఇంకోసారి ఆమె కాగితాల్లో చెయ్యి పెట్టకండి. ఫోను ఆమెకివ్వండి.”

ఇచ్చాను. ఆ మూడు గళ్ళూ మళ్ళీ ఎక్కడ పెట్టాలో ఇంగ్లీషులో గబగబా చెప్పింది. నాకు తెలిసినవి అంకెలే. ఎలెవెన్, ఎలెవెన్ అన్నది రెండుసార్లు. రెండోసారి గొంతు పైకి లేచింది. కామెర్లొచ్చాక ఆ గొంతు వినడం అదే మొదలు. ఆయన ముందు నేను తలవంచుకున్న సంగతి అంతటితో మర్చిపోయాను.

తోవలో బండి అడ్డమొస్తే నా చొక్కా పట్టుకుని పక్కకు లాగింది.

21 మార్చి

ఏమీ రాలేదు. పోస్ట్‌మ్యాన్ ఇంటి ముందు నుంచి పోతుంటే మూడుసార్లు ఎదురెళ్ళాను. “మీ ఇంటికుంటే నేనే ఇస్తాను గదా తాతా” అని విసుక్కున్నాడు.

22 మార్చి, మంగళవారం

టెలిగ్రాం. నాలుగోది సరిపోయింది. కమిటీ ముందు పెడుతున్నారు.

మణెమ్మ మోకాళ్ళ మీద పడింది. నేను ఏడ్చాను, రాయడానికి సిగ్గేముంది. వీధిలోకి పరిగెత్తబోతే హన్నమ్మ పట్టుకుంది. “ఎవరికీ చెప్పబాక నాన్నా, 25 దాటనీ.” చెప్పలేదు. వలి ఒక్కడికే చెప్పాను. వలి ఎవరో కాదు గదా.

“ఆ గాడిద సంగతేమైంది?” అన్నాడు వలి.

“బతికే ఉంది” అన్నాను.

27 మార్చి, ఆదివారం

కమిటీ ఒప్పుకుంది! పదకొండు వరుసలే చూపించారు, పదకొండే ఒప్పుకున్నారు. ఇక థీసిస్ రాసుకోవడమే. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి నిలబడి ఏం చెప్పానో నాకే తెలియదు, పాస్టరు గారు రెండుసార్లు ఆమెన్ అని ఆపారు. హన్నమ్మ నవ్వింది. నా వంక చూసే నవ్వింది.

కానీ నిన్నటి నుంచి సాపు తనే రాసుకుంటున్నది. ఒక గడి రాసి కళ్ళు మూసుకుంటుంది, మళ్ళీ ఒక గడి. నేను స్కేలు జరుపుతాననైనా అనలేదు. పక్కన కూర్చుంటే కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అది చాలు. చాలదు, కానీ చాలు.

5 ఏప్రిల్, మంగళవారం

ఈస్టరు అయ్యాక ఒక్కరోజుకు మించి ఉండనన్నది. కళ్ళు తెల్లబడ్డాయి. పొద్దున పెట్టెకు తాళం వేసింది. మా ఇంట్లో పెట్టెకు తాళం వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. తాళంచెవి రుమాలులో ముడేసుకుంది. నేను చూస్తున్నానని తెలిసీ వేసింది. వెయ్యాలి కూడా.

పెట్టె నేనే మోశాను. బస్సు మీదికి ఎక్కించి దిగాక కిటికీ దగ్గర నిలబడ్డాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

“థీసిస్ చానా పెద్దదంటివి. సెలవల్లో వస్తావు గదా, ఏమన్నా రాసిపెట్టనా అమ్మా?”

“వద్దు నాన్నా.” బస్సు స్టార్టయింది. ఆమె కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా తలమీది తువ్వాలు సర్దింది. “ఉత్తరాలు రాయి. ఉత్తరంలో ఏది ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టం.”

ఇంటికొచ్చి కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. ఇప్పటికి మూడు పేజీలయ్యాయి, అసలు సంగతి ఇంకా మొదలు కాలేదు. బస్సు దాచేపల్లి కూడా దాటి ఉండదు.